మార్చేముందు కొలవడం: థ్రాటిల్ సెన్సర్ పరీక్ష, సర్దుబాటు

హనుమాన్ జంక్షన్‌లో బండి నడిపేవాళ్ల కుడికాలికి తీరిక ఉండదు. విజయవాడ నుంచి ఏలూరు వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారికి ఉత్తరం నుంచి నూజివీడు రోడ్డు, దక్షిణం నుంచి గుడివాడ రోడ్డు వచ్చి కలిసేది ఇక్కడే. బైపాస్ వచ్చాక దూరప్రయాణపు లారీలు పక్కనుంచి వెళ్తున్నా, ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆటోల, ఆర్టీసీ బస్సుల, మామిడి ట్రాలీల, చేపల బళ్ల సందడి తగ్గలేదు. ఆగడం, నాలుగడుగులు కదలడం, మళ్లీ ఆగడం. బండి ఎక్సలేటర్ మొదటి అంగుళంలోనే నడుస్తుంది.

కొన్ని బళ్లు సరిగ్గా అక్కడే మొరాయిస్తాయి. హైవే మీద నిక్షేపంగా పరుగెత్తిన బండి, కూడలిలో క్లచ్ వదిలి కాస్త రేసు ఇవ్వగానే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. పెట్రోల్లో నీళ్లు కలిశాయని ఒకరంటారు, ప్లగ్గు పోయిందని ఇంకొకరంటారు. ప్లగ్గు మారుతుంది, ఫిల్టరు మారుతుంది, ఆఖరికి ఎవరో సెన్సర్ మార్చమంటారు. ఒక్కో మార్పుకూ డబ్బు పోతుంది, ఒక పూట కిరాయి పోతుంది. బండి మాత్రం మళ్లీ అదే మలుపులో ఆగుతుంది.

ఈ వరసలో లోపించింది కొలత. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ బాగుందో లేదో చెప్పడానికి అనుభవంతో కూడిన ఊహ అక్కర్లేదు. మామూలు డిజిటల్ మల్టీమీటరు, రెండు గుండుసూదులు, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని రెండు అంకెలు ఉంటే పావుగంటలో తేలిపోతుంది. ఈ అధ్యాయం నేర్పేది ఆ పావుగంట పని.

సెన్సర్ చేసే పని

పెట్రోలు, సీఎన్‌జీ ఇంజిన్లలోకి వెళ్లే గాలిని థ్రాటిల్ బాడీలోని ఒక గుండ్రటి రేకు అదుపు చేస్తుంది. రేసు ఇస్తే ఆ రేకు తెరుచుకుంటుంది. అది ఎంత తెరుచుకుందో ఇంజిన్ కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, చెప్పేదే థ్రాటిల్ సెన్సర్. ఇంధనం ఎంత చిమ్మాలి, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలి, ఆటోమేటిక్ బండి అయితే గేరు ఎప్పుడు మారాలి అనే నిర్ణయాల్లో ఆ సమాచారం వాటా చాలా పెద్దది.

పాత తరహా సెన్సర్ లోపల ఉండేది టేప్‌రికార్డర్ వాల్యూమ్ బిరడాలో ఉండే భాగమే. అర్ధచంద్రాకారపు కార్బన్ పూత మీద ఒక చిన్న లోహపు చెయ్యి జరుగుతుంటుంది. దానికి మూడు వైర్లు. ఒకదానిలో ఈసీయూ 5 వోల్టులు పంపుతుంది. ఒకటి ఎర్త్. మూడోది సిగ్నల్. రేకు మూసి ఉన్నప్పుడు సిగ్నల్ వైరులో సాధారణంగా అర వోల్టు దరిదాపుల్లో ఉంటుంది, పూర్తిగా తెరిస్తే 4 నుంచి 4.5 వోల్టుల దాకా పెరుగుతుంది. కచ్చితమైన అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి.

కూడలిలోనే బండి ఎందుకు ఆగుతుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఊళ్లో తిరిగే బండిలో ఆ చెయ్యి ఎక్కువ సమయం కార్బన్ పూత తొలిభాగం మీదే అటూఇటూ రాసుకుంటుంది. అరుగుదల అక్కడే ఎక్కువ. పూత అరిగిన చోట సిగ్నల్ ఒక్క క్షణం తెగుతుంది. రేకు హఠాత్తుగా మూసుకుందనుకుని ఈసీయూ ఇంధనం తగ్గిస్తుంది, ఇంజిన్ కుదుపుతుంది. హైవే మీద ఆ చెయ్యి అరగని భాగం మీద ఉంటుంది కాబట్టి బండి హాయిగా పోతుంది. కొత్త బళ్లలో చాలావాటికి అయస్కాంతంతో పనిచేసే, రాపిడి లేని సెన్సర్లు వచ్చాయి. వాటిలో ఈ అరుగుదల లేదు కానీ, కనెక్టర్లకూ వైర్లకూ వచ్చే రోగాలు మాత్రం రెండింటికీ ఒకటే.

ఖరీదైన కార్ల నుంచి కూలివాళ్ల బైకుల దాకా

ఒకప్పుడు ఇది కార్ల మెకానిక్కులకే పట్టే విషయం. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మన కార్లలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ అనే ఇంధన ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. దాంతోపాటే ఈ సెన్సరూ వచ్చింది. ద్విచక్ర వాహనాల్లో పల్సర్ లాంటివి కార్బురేటర్ రోజుల్లోనే నిప్పురవ్వ సమయాన్ని సర్దుకోవడానికి థ్రాటిల్‌ను గమనించే ఏర్పాటు చేసుకున్నాయి. అసలు మలుపు 2020 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి బీఎస్ 6 నిబంధనలు దేశమంతటా అమల్లోకి రావడంతో కొత్త స్కూటర్లు, బైకులు దాదాపు అన్నీ ఇంధన ఇంజెక్షన్‌కు మారాయి. పెట్రోలు, సీఎన్‌జీ ఆటోలూ చిన్న ట్రాలీలూ అదే బాట పట్టాయి.

దాంతో స్లో స్క్రూ తిప్పి, జెట్ ఊది బండిని దారికి తెచ్చిన తరం మెకానిక్కుల చేతిలోకి వైర్లు, వోల్టులు వచ్చి పడ్డాయి. చెవితో విని జబ్బు చెప్పగల నేర్పు ఇప్పటికీ విలువైనదే. దానికి మీటరు తోడు కావాలి. ఈ నేర్పు షెడ్డుకే పరిమితం కాదు. జంక్షన్‌కు దగ్గర్లోని మల్లవల్లిలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ప్రారంభమైంది. బస్సు డీజిల్‌దైనా, ఎలక్ట్రిక్‌దైనా పెడల్ ఎంత నొక్కారో చెప్పేది ఇదే జాతి సెన్సరు. ఐటీఐ చదివే కుర్రాడు స్కూటర్ మీద ఈ పరీక్ష నేర్చుకుంటే, రేపు ఏ ప్లాంటులోనైనా అదే నేర్పు అక్కరకొస్తుంది.

అనుమానం ఎప్పుడు రావాలి

బండి ఐడ్లింగులో రేసు తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉండటం, మెల్లగా రేసు ఇచ్చేటప్పుడు ఒకే చోట ప్రతిసారీ కుదుపు రావడం, బ్రేకు వేసి ఆపగానే ఇంజిన్ ఆగిపోవడం, పికప్ పడిపోవడం, మైలేజీ తగ్గడం, చెక్ ఇంజిన్ లైటు వెలగడం థ్రాటిల్ సెన్సర్ మీద అనుమానం రేపే లక్షణాలు.

అయితే వీటిలో ప్రతి ఒక్కదానికీ ఇతర కారణాలున్నాయి. థ్రాటిల్ రేకు చుట్టూ మసి పేరుకున్నా ఐడ్లింగు చెడుతుంది. ఇన్‌టేక్ రబ్బరు గొట్టం పగిలి దొంగ గాలి లోపలికి వెళ్లినా రేసు ఊగుతుంది. బ్యాటరీ బలహీనపడినా, ఎక్సలేటర్ కేబుల్ వదులైనా, ప్లగ్గు పాడైనా కుదుపులొస్తాయి. అందుకే కంటితో చూసే పని ముందు పూర్తి చేయాలి. ఎయిర్ ఫిల్టరు తీసి చూడటం, గొట్టాలు తడిమి చూడటం, కేబుల్ వదులు సరిచూడటం, బ్యాటరీ వోల్టేజీ కొలవడం ఇందులోకి వస్తాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి.

స్కానర్ అందుబాటులో ఉంటే కోడ్ చదవాలి. కార్లలో స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. పీ0122 వస్తే సిగ్నల్ ఉండాల్సిన దానికంటే తక్కువ. పీ0123 అయితే ఎక్కువ. పీ0121 వస్తే సిగ్నల్ మిగతా సెన్సర్లు చెప్పేదానితో పొసగడం లేదు. పీ0124 వస్తే సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. వీటిలో ఏ కోడూ ‘సెన్సర్ మార్చు’ అనే ఆజ్ఞ కాదు. సెన్సర్, కనెక్టర్, వైరు, ఈసీయూ ఉన్న ఆ దారిలో ఎక్కడో తేడా ఉందని మాత్రమే దాని అర్థం. కోడ్‌ను చెరిపేయక ముందు ఫోను కెమెరాతో ఫోటో తీసుకోవడం అవసరం. చెరిపేస్తే, లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా, ఎంత వేగంగా ఉందో చెప్పే రికార్డు కూడా పోతుంది.

మీటరు పెట్టే పద్ధతి

ముందు జాగ్రత్తలు. బండి వారంటీలో ఉంటే దీని జోలికి పోకుండా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి. కార్లలో పసుపుపచ్చ కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని తాకకూడదు. కేబుల్ లేకుండా మోటారుతో తెరుచుకునే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే తాళం ఆన్‌లో ఉన్నప్పుడు రేకు దగ్గర వేలు పెట్టకూడదు. మోటారు దాన్ని ఒక్కసారిగా మూస్తే వేలు నలుగుతుంది.

మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాలి. కనెక్టర్ ఊడదీయకుండా, వైరు లోపలికి వెళ్లే వెనుకవైపు నుంచి గుండుసూదిని రబ్బరు సీలు పక్కగా జాగ్రత్తగా దూర్చి పిన్నుకు తాకించాలి. వైరు తొడుగును గుచ్చితే ఆ చిల్లులోంచి వానాకాలంలో తేమ చేరి కొత్త రోగం తెస్తుంది. రెండు సూదులు ఒకదానికొకటి తగలకూడదు. ఏ వైరు ఏదో రంగును బట్టి ఊహించకుండా మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మ చూసుకోవాలి. తర్వాత తాళం ఆన్ చేయాలి, ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

మొదటి కొలత సప్లై వైరుది. మీటరు నల్ల ప్రోబును బ్యాటరీ నెగెటివ్‌కు, ఎర్రదాన్ని సప్లై వైరుకు పెడితే 4.8 నుంచి 5.2 వోల్టుల మధ్య కనిపించాలి. అది రాకపోతే తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు. చాలా బళ్లలో ఇదే 5 వోల్టులు ఇతర సెన్సర్లకు కూడా వెళ్తాయి. వాటిలో ఒకటి షార్టయితే అన్నింటికీ సప్లై పడిపోతుంది. తాళం ఆపి ఒక్కో సెన్సర్ కనెక్టర్ ఊడదీస్తూ, ప్రతిసారీ తాళం ఆన్ చేసి కొలిస్తే, దేన్ని తీసినప్పుడు 5 వోల్టులు తిరిగొచ్చాయో అదే దొంగ.

రెండో కొలత ఎర్త్‌ది. ఎర్ర ప్రోబును సెన్సర్ ఎర్త్ వైరుకు మారిస్తే అంకె సున్నాకు చాలా దగ్గరగా, 0.1 వోల్టు లోపు ఉండాలి. అక్కడ 0.3 వోల్టు కనిపిస్తే ఎర్త్ దారిలో ఎక్కడో చిలుముంది. అలాంటప్పుడు సిగ్నల్ అంకెలు కూడా పైకి జరుగుతాయి, మంచి సెన్సర్ చెడ్డదిగా కనిపిస్తుంది. చాలామంది వదిలేసే కొలత ఇదే.

మూడోది సిగ్నల్. రేకు మూసి ఉన్నప్పటి అంకె రాసుకోవాలి. తర్వాత ఎక్సలేటర్‌ను చాలా నెమ్మదిగా, పది పన్నెండు సెకన్లు తీసుకుని పూర్తిగా తెరవాలి. అంత నెమ్మదిగానే మూయాలి. అంకె ఎక్కడా ఎగరకుండా, పడిపోకుండా సాఫీగా పెరగాలి, తగ్గాలి. ముఖ్యంగా మొదటి పావు భాగాన్ని నాలుగైదుసార్లు తిప్పి చూడాలి. చవక డిజిటల్ మీటర్లు సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తాయి కాబట్టి క్షణకాలపు తెగుదలను అవి పట్టలేకపోవచ్చు. ముల్లు ఉండే పాత అనలాగ్ మీటరు అయితే ఆ చోట ముల్లు టక్కున కిందికి పడి లేస్తుంది. ఆసిలోస్కోప్ ఉన్న వర్క్‌షాపులో గీత రూపంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

చల్లటి ఉదయం అన్నీ బాగున్నట్టు కనిపించి, మే నెల మధ్యాహ్నం మళ్లీ కుదుపు వస్తే, ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. సూదులు అలాగే ఉంచి కనెక్టర్‌ను, వైరు కట్టను చేత్తో మెల్లగా కదిపినప్పుడు అంకె గెంతితే తప్పు వైరుదే.

అంకెల అర్థం

ఉదాహరణకు ఒక బండిలో మూసినప్పుడు 0.6, పూర్తిగా తెరిస్తే 4.4 వోల్టులు వచ్చాయనుకుందాం. మొత్తం తేడా 3.8. మధ్యలో ఎక్కడో మీటరు 2.5 చూపితే, అందులోంచి 0.6 తీసేసి 3.8తో భాగిస్తే సరిగ్గా సగం వస్తుంది, అంటే 50 శాతం. అదే సమయంలో స్కానర్‌లో కూడా 50 దరిదాపుల్లో కనిపిస్తే సెన్సర్ నుంచి ఈసీయూ దాకా దారి బాగున్నట్టే. మీటరు లెక్క 50 అని, స్కానర్ 20 అని చెబితే మధ్యలో వైరును వెతకాలి. లెక్కలో చిన్న తేడాలు సహజం, ఈసీయూలు శాతాన్ని లెక్కగట్టే పద్ధతి అన్ని బళ్లలో ఒకటి కాదు.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో ఒకే గూట్లో రెండు సెన్సర్లుంటాయి. కొన్నిటిలో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ 5 వోల్టుల దగ్గరే ఉంటాయి. కొన్నిటిలో రెండూ పెరుగుతాయి కానీ వేర్వేరు వేగాలతో. రెండింటి మాట కలవకపోతే పీ2135 కోడ్ పడి, బండి ప్రాణరక్షణ కోసం శక్తిని తగ్గించుకుంటుంది. ఎంత తొక్కినా నత్తనడకే. అప్పుడు బండిని తిట్టుకోకుండా పక్కకు తీసి ఆపడం మంచిది.

సర్దుబాటు

ఎలాంటి సెన్సర్ అన్నది ముందు చూసుకోవాలి. బిగించే రెండు స్క్రూల రంధ్రాలు గుండ్రంగా ఉంటే దాన్ని జరిపేందుకు వీల్లేదు, అంకె తప్పితే మార్చడమే. రంధ్రాలు కోలగా, సాగినట్టు ఉంటే సర్దుబాటు చేయొచ్చు. ఇవి ఎక్కువగా పాత కార్లలో కనిపిస్తాయి. చాలా బీఎస్ 6 ద్విచక్ర వాహనాల్లో సెన్సర్ థ్రాటిల్ బాడీతో కలిసే వస్తుంది. కంపెనీ రంగు పూసి గుర్తుపెట్టిన స్క్రూలను కదిలించకూడదు.

సర్దుబాటుకు ముందు థ్రాటిల్ రేకు శుభ్రం కావాలి. క్లీనర్‌ను గుడ్డ మీద చల్లి తుడవాలి, సెన్సర్ మీదికి నేరుగా కొట్టకూడదు. మసి వల్ల రేకు పూర్తిగా మూసుకోని స్థితిలో చేసిన సర్దుబాటు, మసి తుడవగానే తప్పవుతుంది. కేబుల్‌కు కొద్దిపాటి వదులు ఉండేలా చూడాలి. రేకు ఆగే చోట ఉండే స్టాప్ స్క్రూను మాత్రం ఐడ్లింగు పెంచడానికని తిప్పకూడదు. దాన్ని కంపెనీ గాలి కొలతతో సరిచేసి పంపుతుంది.

తర్వాత పని తేలిక. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. సిగ్నల్ వైరుకు మీటరు. సెన్సర్ చేత్తో తిరిగేంత మేరకే స్క్రూలు వదులు చేసి, మాన్యువల్ చెప్పిన అంకె వచ్చేదాకా వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. బిగించేటప్పుడు అంకె కాస్త జరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ చూడాలి. ఎక్సలేటర్‌ను రెండు మూడుసార్లు తెరిచి వదిలితే ప్రతిసారీ అదే అంకెకు రావాలి. పూర్తిగా తెరిచినప్పటి అంకె కూడా హద్దులో ఉండాలి. ఆ తర్వాతే కోడ్ చెరిపి, బండిని రోడ్డు మీద నడిపి చూడాలి.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కు ఇలాంటి సర్దుబాటు ఉండదు. శుభ్రం చేసినా, మార్చినా ఈసీయూ మూసిన స్థానాన్ని కొత్తగా నేర్చుకోవాలి. కొన్ని బళ్లలో తాళం కొంతసేపు ఆన్‌లో ఉంచితే సరిపోతుంది, కొన్నిటికి స్కానర్ కావాలి. పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది.

నీళ్లు, ఎలుకలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచినప్పుడు వేలాది బళ్లు రోజుల తరబడి బురదనీటిలో ఉండిపోయాయి. నీళ్లు తగ్గాక బండి స్టార్ట్ అవుతుందో లేదో చూడాలన్న ఆత్రం ఎవరికైనా సహజం. కానీ మునిగిన బండికి తాళం పెట్టకూడదు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి, బీమా కోసం ఫోటోలు తీసుకోవాలి, బండిని తాడు కట్టి షెడ్డుకు చేర్చాలి. తడి కనెక్టర్‌లో కరెంటు పారితే పిన్నులు వేగంగా తుప్పుపడతాయి. వరద బళ్లలో సెన్సర్ పరీక్ష కంటే ముందు ప్రతి కనెక్టర్‌నూ విప్పి, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టడం ముఖ్యం. ఆకుపచ్చ చిలుము పట్టిన పిన్నును గీకి వాడితే కొన్నాళ్లకే మళ్లీ మొరాయిస్తుంది. ఆ పిన్నునే మార్చాలి.

వరద లేకపోయినా డెల్టాలో తేమకు కొదవ లేదు. వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్‌ను థ్రాటిల్ బాడీ మీదికి నేరుగా పెట్టనివ్వకూడదు. వరి కోతల తర్వాత ఇంటికి చేరే ఎలుకలు వైర్ల తొడుగులు కొరుకుతాయి. కొన్ని రోజులు కదలకుండా పెట్టిన బండికి కుదుపు మొదలైతే మీటరు తీసేముందు టార్చిలైటు వేసి వైర్ల కట్టను చివరిదాకా చూడాలి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు

ఈ కొలతలు సొంతంగా చేయలేనివాళ్లు కూడా వీటి వల్ల లాభపడతారు. షెడ్డులో ‘బండి గుంజుకుంటోంది’ అని ఊరుకోకుండా, ఏ వేగంలో, ఎంత రేసు దగ్గర, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది చెబితే మెకానిక్ పని సగమవుతుంది. సెన్సర్ మార్చాలని అతను చెబితే, మూసినప్పుడు, తెరిచినప్పుడు ఎన్ని వోల్టులు వచ్చాయో మర్యాదగా అడగవచ్చు. కొలిచిన మెకానిక్ ఆ అంకెలు సంతోషంగా చెబుతాడు. ఆ కొలతకు పట్టిన సమయానికి కూలి ఇవ్వడం న్యాయం. వస్తువు మారనంత మాత్రాన పని జరగనట్టు కాదు.

కొత్త సెన్సర్ కొనాల్సే వస్తే పాతదాన్ని, దాని మీది పార్టు నంబరును వెంట తీసుకెళ్లాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి పెద్ద మార్కెట్లో ఒకేలా కనిపించే సెన్సర్లు ఎన్నో దొరుకుతాయి. పిన్నులు కలిసినంత మాత్రాన వోల్టుల వరస కలవదు, కొన్ని తిరిగే దిశే వేరు. బిగించిన రోజే సప్లై, ఎర్త్, మూసిన, తెరిచిన నాలుగు అంకెలు కొలిచి, తేదీ, కిలోమీటర్ల రీడింగుతో సహా సర్వీసు పుస్తకంలో రాయాలి. రెండేళ్ల తర్వాత మళ్లీ కుదుపు వస్తే, అప్పటి కొలతను ఈ నాలుగు అంకెల పక్కన పెడితే సెన్సర్ అరిగిందో, ఎర్త్ చెడిందో, అసలు తప్పు ఇంకెక్కడైనా ఉందో షెడ్డులో ఒక్క వస్తువూ విప్పకముందే తేలుతుంది.